బోణి సీటులో రెండు చలికాలాలు

రెండు చలికాలాల పాటు మా ఇంట్లో ఇద్దరు రోగులుండేవాళ్లం. ఒకటి మా వ్యాను, రెండోది నేను. ఇద్దరికీ రోగం పొద్దున్నే వచ్చేది, ఎండెక్కేసరికి పోయేది. వ్యాను రోగానికి ఊరంతా వైద్యులే. నా రోగానికి ఊరంతా అనుమానమే. ఆ తేడా తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను.

నా పెళ్లయ్యేనాటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. కొత్త జిల్లాల పుణ్యమా అని మోత్కూర్ దగ్గరి మా అమ్మగారి ఊరు వేరే జిల్లాకు పోయింది, నేను చిట్యాల పక్క ఊరికి కాపురానికొచ్చి నల్గొండ జిల్లాలోనే మిగిలిపోయాను. నల్గొండలో ఒక ఆఫీసులో నాకు గుమస్తా కొలువు. మా ఆయనకు ఒక పాత వ్యాను. ఆయన తండ్రి, తాత ఇద్దరూ బతికినన్నాళ్లూ ఇతరుల చెలకల్లో కూలికి పోయినవాళ్లే. సొంత ఎడ్లబండి కూడా ఎరగని ఇంటికి ఇంజనున్న బండి వచ్చింది. అందుకే ఇంట్లో దాన్నెవరూ వ్యాను అనేవాళ్లు కాదు, "మన బండి" అనేవాళ్లు, ఆ "మన"ను బాగా ఒత్తి. దాని మీద ఈగ వాలితే మా అత్తమ్మ ఆ ఈగను వంశంతో సహా తిట్టేది.

అది ముందు సీట్ల కిందే ఇంజను ఉండే రకం బండి. వెనక సీట్లన్నీ పీకేసి, ఊళ్లో రైతుల బత్తాయిలు, వంకాయలు, టమాటలు ఎత్తుకుని నల్గొండ మార్కెట్‌కు వేయడం మా ఆయన పని. దారిలో నన్ను ఆఫీసు దగ్గర దింపేవాడు. చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేది. "పెండ్లాన్ని పక్కన కూసోవెట్టుకొని దొరసాని లెక్క తోలుకపోతడు" అని వాడకట్టు ఆడవాళ్లు మూతులు తిప్పేవాళ్లు.

నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నది ముచ్చట కొద్దీ మాత్రమే కాదు. బండి కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టి స్టార్టు చేశారు. మాది చర్చికి పోయే ఇల్లే. అయినా మా అత్తమ్మకు ఆదివారం ప్రార్థన మీద ఎంత నమ్మకమో, మంగళవారం నిమ్మకాయ మీదా అంతే నమ్మకం. ఎవరినీ చిన్నబుచ్చదు. ఆ రోజు మా సరుకు మార్కెట్లో దించీ దించకముందే అమ్ముడుపోయిందట. ఇంకేముంది, ఇంటి ఆడది పక్కన కూర్చోకుండా పొద్దున బండి మొదటి స్టార్టు చేయకూడదని మా ఇంట్లో శాసనం పుట్టింది.

"అది బోణి సీటు బిడ్డా, ఖాళీగ ఉంచొద్దు. ఖాళీ సీటుతోని బండి కదిలితే అచ్చిరాదు" అనేది అత్తమ్మ.

మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. కింద ఇంజను వెచ్చదనం కాళ్లకు తగులుతుంటే చలికాలం పొద్దున ఆ సీటు దిగబుద్ధి అయ్యేది కాదు. చీకట్లో లేచి వంట చేసి, డబ్బాలు కట్టి, బండెక్కి కూర్చోవడమే నాకు ఆ పూటకు దొరికే సుఖం.

మొదటి చలికాలంలోనే బండికి చప్పుడు పట్టుకుంది. పొద్దున్నే తాళం తిప్పగానే టక్ టక్ టక్ టక్ అని, కంసాలి చిన్న సుత్తితో కొట్టినట్టు మొదలయ్యేది. ఎక్సలేటర్ తొక్కితే కంసాలికి తొందర పెరిగేది. హైవే ఎక్కేసరికి కొంచెం తగ్గేది. నార్కట్‌పల్లి దాటి నల్గొండ రోడ్డు పట్టేసరికి మచ్చుకైనా ఉండేది కాదు.

మా రేకుల షెడ్డు గల్లీ మీదికే ఉంటుంది. చప్పుడు వినగానే పళ్లపుల్లలు నోట్లో పెట్టుకుని పెద్దమనుషులు పోగయ్యారు. ఒకాయన టాపెట్లు పోయినయ్ అన్నాడు. ఒకాయన సైలెన్సర్‌లో ఎలుక పిల్లలు పెట్టింది అన్నాడు. ఇంకొకాయన పెట్రోల్లో కల్తీ అని, ఏ బంకులో పోయించావో చెప్పమని మా ఆయన్ని దొంగను నిలదీసినట్టు నిలదీశాడు. ఎన్నో ఏళ్లు బస్సు తోలి దిగిపోయిన ముసలాయన ఒకాయన సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని చాలాసేపు విని, "దీనికి సర్ది చేసింది" అని తేల్చాడు. ఎవరికి వాళ్లు చప్పుడును నోటితో చేసి చూపించడమొకటి. తెల్లారీ తెల్లారకముందే పదిమంది మీసాలున్న మగవాళ్లు ఒకరి మొహంలో ఒకరు టక్ టక్ టక్ అనుకుంటుంటే, బోణి సీట్లో లక్ష్మీకళతో కూర్చున్న నాకు నవ్వాపుకోవడం పెద్ద పనయ్యేది.

మా ఆయనకు నవ్వు రాలేదు. ఊళ్లో ట్రాలీ ఆటో ఉన్నతను ఒకడు, "గా బండి నడిమిట్ల ఆగుతది, బస్తాలు నాకెయ్యుర్రి" అని రైతులకు చెప్పడం మొదలుపెట్టాడు. దాంతో ఈయనకు పరువు బెంగ పట్టుకుంది. బండి స్టార్టు చేయడం, చటుక్కున దిగి షెడ్డు రేకుల తలుపు దగ్గరికి మూయడం, బయట గల్లీలో నిలబడి చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో చూడటం. ఇంజను కాస్త వేడెక్కి చప్పుడు తగ్గాక తలుపు తీసి, ఏమీ ఎరగనట్టు బండి బయటికి తీసేవాడు. అంతసేపూ నేను లోపల బోణి సీట్లోనే. చలికి చున్నీ చుట్టుకుని, వెచ్చగా. దారి పొడవునా ఆయన తన పక్క అద్దం దించి, చెవి బయటికి పెట్టి, చప్పుడు ఎక్కడ ఆగుతుందో వింటూ తోలేవాడు. నా పక్క అద్దం ఎప్పుడూ ఎక్కే ఉండేది, దించుదామన్నా దిగేది కాదు. దాని పిడి ఎప్పుడో ఊడిపోయింది.

చదివేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేమెంత.

మా ఆయన ముందుగా బండిని నల్గొండలో తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. బండి అక్కడికి చేరేసరికి సాధుజంతువు. మెకానిక్ ఎక్సలేటర్ తొక్కి ఎంతసేపు రేజ్ చేసినా కిక్కురుమనలేదు. ఈయన ఆగలేక చప్పుడును నోటితో చేసి చూపించాడు.

"అన్నా, నువ్వు చేస్తె మంచిగ ఇనొస్తాంది. బండి చేస్తలేదు మరి. విప్పితే నిన్ను విప్పాలె" అన్నాడు మెకానిక్.

మర్నాడు ఫోన్లో రికార్డు చేసుకుని పోయాడు. మెకానిక్ ఫోను చెవికి పెట్టుకుని విని, "ఇది కోడి జొన్నలు పొడుస్తున్నట్టున్నదే" అన్నాడు. పూర్తిగా తప్పు కాదు, వెనకాల మా కోడి కూడా పలికింది. ఊరికే పంపడమెందుకని సైలెన్సర్ మార్చాడు. కొత్త సైలెన్సర్ వచ్చింది, పాత చప్పుడు ఉండిపోయింది. రాత్రికి బండిని అక్కడే పెట్టిపో, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తానంటే అదీ చేశాడు. తీరా ఈయన మొదటి బస్సుకు పోయేసరికి, ఆ మహానుభావుడు షెడ్డు ఊడ్వడానికి బండి స్టార్టు చేసి బయట పెట్టి, అది వేడెక్కాక, తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.

"స్టార్టు చేసినప్పుడు సప్పుడు రాలేదా?"

"వచ్చింది. చలికి ఏ బండైనా దగ్గుతది అన్నా. మా నాయిన గూడ దగ్గుతడు. విప్పి చూస్తున్ననా?"

ఇక నా సంగతి. అదే చలికాలంలో నాకు తలనొప్పి మొదలైంది. షెడ్డులోంచి బండి బయటికి రాకముందే కణతల దగ్గర ఎవరో రెండు వేళ్లతో నొక్కుతున్నట్టు ఉండేది. కళ్లు మండేవి. నార్కట్‌పల్లి వచ్చేసరికి కడుపులో తిప్పేది. ఆఫీసులో కూర్చుంటే కాగితం మీద అక్షరాలు జంటలు జంటలుగా కనిపించేవి. మధ్యాహ్నం డబ్బా విప్పేసరికి అంతా మాయం.

డాక్టరు దగ్గరికి పోతే నా గతీ బండి గతే. వరసలో కూర్చుని నా వంతు వచ్చేసరికి ఎండెక్కేది, నొప్పి పోయేది.

"ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడు లేదు సార్."

ఆయన నన్ను చూసిన చూపు, మెకానిక్ మా ఆయన్ని చూసిన చూపూ ఒక్కటే. పొద్దున్నే ఏమైనా తినమన్నాడు, టెన్షన్ తగ్గించుకోమన్నాడు, కళ్లు చూపించుకోమన్నాడు. చూపించుకున్నాను. అద్దాలొచ్చాయి. మర్నాటి నుంచి అద్దాలతో అదే తలనొప్పి. కాకపోతే రెండు అక్షరాలూ స్పష్టంగా కనిపించేవి.

ఒకరోజు తట్టుకోలేక హైవే పక్కన బండి ఆపించి వాంతి చేసుకున్నాను. మా ఆయన భయపడి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్తమ్మ అటక మీంచి చింతకాయ తొక్కు జాడీ దింపి, సేమ్యా పాయసం వండి, నన్ను మంచం దిగనివ్వలేదు. "అది కాదత్తమ్మా" అని ఎంత చెప్పినా నవ్వేది. ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పేసింది. సంఘమంతా నాకోసం ప్రార్థన చేశారు. నేను తల దించుకుని, పరీక్ష చేయించుకోకముందే వచ్చిన ఈ బిడ్డను ఏం చేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పరీక్షలో ఏమీ లేదని తేలింది. జాడీ మళ్లీ అటకెక్కింది. అత్తమ్మ మొహం కూడా దానితోపాటే ఎక్కింది.

అప్పటినుంచి నా తలనొప్పికి మా ఇంట్లో విలువ పోయింది. పెద్ద వార్తగా వచ్చి ఉత్త నొప్పిగా తేలినదాన్ని ఎవరు నమ్ముతారు? పైగా అత్తమ్మ పట్టిన పట్టు తిరుగులేనిది.

"ఐతారం రాదు. పండుగనాడు రాదు. కొలువుకు పొయ్యే పొద్దే వస్తది. గదేం నొప్పే పిల్లా, కేలెండర్ సూసుకొని వస్తదా?"

నేనేం జవాబు చెప్పగలను? నిజంగానే ఆదివారం రాదు. ఆదివారం బండి బయటికి తీసేదే లేదని, నేను బోణి సీట్లో కూర్చునేదీ లేదని ఎవరికీ తట్టలేదు. కొలువు లేని రోజున నొప్పి లేదన్నదే లెక్క. ఎండాకాలం వచ్చి షెడ్డు తలుపు తీసే ఉంచేసరికి నొప్పి నెమ్మదించింది, బండి చప్పుడూ తగ్గింది. "అలవాటైతే పోతదని నేను చెప్పలే" అంది అత్తమ్మ. రెండో చలికాలం బండి మళ్లీ టక్ టక్ మొదలుపెట్టింది. తల కూడా.

ఈసారి నొప్పి గట్టిగా పట్టుకుంది. ఆఫీసులో ఒకరోజు ఒకరికి పోవాల్సిన కాగితాన్ని ఇంకొకరికి పంపించి పెద్దసారుతో చీవాట్లు తిన్నాను. ఆ సాయంత్రం బండిలో మా ఆయన మీద అరిచేశాను. బండి టక్కుమంటే ఇన్నిసార్లు మెకానిక్‌కు చూపిస్తావు, నా తల పగిలిపోతుంటే ఒక గోలీ చేతిలో పెడతావు, నేనేమన్నా సెకండ్ హ్యాండ్‌లో వచ్చానా అన్నాను.

"బండి అబద్ధమాడదు గదనే" అన్నాడు.

కోపంతో అన్నమాట కాదు. ఏదో ఆలోచిస్తూ, చెవి బయటికి పెట్టి, మామూలుగా అన్నాడు. అందుకే ఎక్కువ కోసుకుంది. నేను ఏడవలేదు, మాట్లాడటం మానేశాను. అసలు బాధ ఏమిటంటే, నన్ను నేనే నమ్మడం మానేశాను. ఆదివారం రాని నొప్పి ఏం నొప్పి? కొలువంటే నాకే బద్ధకమేమో, ఒళ్లు నాటకమాడుతున్నదేమో అనిపించేది. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. అక్షరాలు రెండుగా కనిపించేదానికి ఆ కుర్చీ ఎందుకనిపించింది. ఈ చలికాలం పోయేలోపు తగ్గకపోతే కొలువు మానేస్తానని ఇంట్లో చెప్పేశాను. ఎవరూ వద్దనలేదు. 

ఆ నెలలోనే మా అమ్మకు కంటి ఆపరేషన్ అయితే సెలవు పెట్టి పుట్టింటికి పోయాను. అక్కడున్నన్ని రోజులూ తల ఊసే లేదు. ఇంకేం, రోగం దొరికింది, దాని పేరు అత్తిల్లు అనుకున్నాను. అమ్మకు కంట్లో చుక్కలు వేస్తూ మా అత్తమ్మ మీద చాడీలు చెప్పుకుని సుఖపడుతుంటే ఒక పొద్దున మా ఆయన ఫోను.

"అమ్మ పడిపోయింది. జర తొందరగ రా."

బస్సులో కూర్చుని దారంతా భయపడ్డాను. ఎంత తిట్టుకున్నా ఆమె లేని ఆ ఇల్లు నాకు ఊహకందలేదు. తీరా ఇల్లు చేరేసరికి అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. చేతికి సెలైను పెట్టిన పట్టీ, చుట్టూ వాడకట్టంతా. జరిగింది ఏమిటంటే, నేను లేకపోయేసరికి బోణి సీటు ఖాళీ ఉండకూడదని రెండు రోజులుగా ఆమే కూర్చుంటోంది. ఆ పొద్దున మా ఆయన స్టార్టు చేసి, తలుపు మూసి, గల్లీలో ఎవరో రైతు కనబడితే బస్తాల సంగతి మాట్లాడుతూ నిలబడ్డాడు. మామూలుకన్నా ఎక్కువసేపే మాట్లాడాడు. తలుపు తీసేసరికి ఆమె సీట్లోంచి పక్కకు ఒరిగిపోయి ఉంది. చేతుల మీద ఎత్తుకుని బయట అరుగు మీద పడుకోబెడితే కాసేపటికి వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. దవాఖానకు తీసుకుపోతే బీపీ అన్నారట.

వాడకట్టు బీపీని ఒప్పుకోలేదు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, కోడలు లేక చాకిరీ ఎక్కువైందన్నారు. అత్తమ్మ ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

"బీపీ లేదు, గీపీ లేదు. బండెక్కేదాక గుండురాయి లెక్కున్న. ఎక్కి కూసున్న. తల బద్దలైంది, కండ్లు మండినయ్, కాళ్లు పాణం లేకుంట పోయినయ్. నిన్న గూడ జర గట్లనే అయింది, సలి అనుకున్న. సలి లేదు గిలి లేదు, నన్ను సంపేది మీ బండే."

"బండేం చేసిందమ్మా, పాపం" అన్నాడు మా ఆయన. చావు తప్పి కన్ను లొట్టపోయిన తల్లి ముందు నిలబడి బండికి పాపం అన్నాడు.

"అంటె నేను అబద్ధమాడుతున్ననారా?"

 నేను గడపలో బ్యాగు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. లోపల ఏదో టక్కుమంది. చేతిలో బ్యాగైనా దించకుండా అడిగాను.

"ఏందత్తమ్మా, కొలువుకు పోబుద్ధి అయితలేదా?"

 ఎప్పుడూ మాటకు మాట అప్పచెప్పే మనిషి, గోడవైపు తిరిగి పడుకుంది. పడి లేచిన మనిషిని అట్లా అనొచ్చా అంటారేమో. అనకూడదు. కానీ అన్నందుకు నాకు హాయిగానే ఉండింది.

మర్నాడు తెల్లారకముందే ఆమే మమ్మల్నిద్దరినీ లేపింది. తలకు తువ్వాల చుట్టుకుని, చలికి చెవుల్లో పత్తి పెట్టుకుని షెడ్డు ముందు నిలబడింది. కొడుకును బోణి సీట్లో కూర్చోమంది. మగవాడు ఆ సీట్లో కూర్చుంటే అచ్చిరాదని మా ఆయన గొణిగితే, "నేను సస్తె అచ్చొస్తదా?" అంది. ఆయన అలవాటు కొద్దీ దిగి తలుపు మూయబోతే ఆ రెక్క పట్టుకుని బార్లా తీసింది.

"సప్పుడు ఇనొస్తదమ్మా..."

"ఇంటె ఇననియ్ రా! ఊరంత ఇననియ్!"

నన్ను తాళం తిప్పమంది. బండి తన పాట మొదలుపెట్టింది. టక్ టక్ టక్ టక్. డ్రైవరు సీటు ఎత్తి పైకి మడిచి, కింద ఇంజను కనిపించేలా పెట్టాం. ఏదో అర్థమైనట్టు మొహం పెట్టి అత్తమ్మ అందులోకి వంగింది. నిజానికి ఆమెకు ఇంజనూ ఇడ్లీపాత్రా ఒక్కటే. వంగినప్పుడు చెవిలోని పత్తి ఊడింది. ఊడిన పత్తి కింద పడాలి కదా, పడలేదు. ఎగిరి వచ్చి ఆమె ముక్కుకు తగిలింది. చిరాకుపడి దాన్ని తీసి విసిరింది. మళ్లీ ఎగిరి వచ్చింది. మూడోసారి ఆమె విసరలేదు. బతుకంతా పత్తి ఏరిన వేళ్లు అవి, రెండు వేళ్లతో దాని కొస పట్టుకుని మెల్లగా ఇంజను పక్కన ఒక ఇనుప గొట్టం దగ్గరికి దించింది. అక్కడ ఆ పత్తి టక్కుకొకసారి ఎగిరెగిరి పడుతోంది. ఇటు జరిపితే ఊరుకుంటుంది. అటు పెడితే మళ్లీ ఎగురుతుంది.

"ఇగో, ఈడ ఊదుతాంది" అంది.

ముగ్గురం వంగి చూస్తూ ఉండిపోయాం. ఇంజను వేడెక్కేకొద్దీ పత్తి ఎగరడం తగ్గింది, దానితోపాటే చప్పుడూ తగ్గింది. మా ఆయన బోణి సీట్లో కూర్చునే కళ్లు నులుముకుంటున్నాడు.

"నాకు గూడ జర తల నొస్తాందే" అన్నాడు.

సగం భయంతో వచ్చిన నొప్పే అయ్యుంటుంది, షెడ్డు తలుపు తీసే ఉంది మరి. అయినా ఆ ఇంట్లో అంతకంటే సంతోషమైన పొద్దు నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ మర్నాడు పొద్దు పొడవకముందే మా ఆయన ఎవరి మోటారు సైకిలో అడుక్కుని పోయి, నల్గొండ నుంచి మెకానిక్‌ను వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. చలికి వణుకుతూ, మమ్మల్ని తిట్టుకుంటూ దిగిన మెకానిక్, బండి ఒక్కసారి స్టార్టు చేసి చప్పుడు వినగానే మారుమాట లేకుండా పానాలు తీశాడు. గల్లీలో పళ్లపుల్లల పెద్దమనుషులు మళ్లీ పోగయ్యారు. ఇంజనులోంచి పొగను సైలెన్సర్‌కు తీసుకుపోయే ఇనుప గొట్టాల గుత్తిని అతను విప్పి బయటికి తీశాడు. దాని మీద వెంట్రుకంత పగులు.

"చలికి ఇనుము ముడుచుకపోతది, గీ సందు తెరుసుకుంటది. పొగంత గిక్కడ్నుంచి కొడతది, అదే టక్కుటక్కు. వేడైతె ఇనుము ఉబ్బి మూసుకుంటది. అందుకే నా కాడికొచ్చేసరికి సప్పుడు లేదు" అన్నాడు. తర్వాత, "నేను మొదట్లనే అన్న, ఇదే అయ్యుంటదని" అని కూడా అన్నాడు. అనలేదు. టాపెట్లాయన, ఎలుకాయన కూడా ఇదే అనుకున్నామన్నారు. బస్సు తోలిన ముసలాయన మాత్రం సర్ది మీదే నిలబడ్డాడు. ఆయన్ని నేను గౌరవిస్తాను.

మెకానిక్ షెడ్డు చుట్టూ చూశాడు. రేకుల గోడలు చూశాడు, తలుపు చూశాడు. "ఈ తలుపు మూసే స్టార్టు చేస్తరా అన్నా?" అని అడిగాడు. మా ఆయన అవునని తలూపాడు. మెకానిక్ మొహంలో నవ్వు పోయింది.

"లోపలికొచ్చిన పొగ మనిషికి తెల్వకుండనే ఎక్కుతదన్నా. కూసున్న కాడ కూసున్నట్టే నిద్ర పడతది. మల్ల లేవరు. గిట్ల పోయినోళ్లున్నరు." తర్వాత ముందు సీట్ల వైపు చూశాడు. "ముందు సీట్ల కూసున్నోళ్లకు తల నొయ్యాలె గద. వాంతులు గావాలె. ఎవలూ చెప్పలేదా?"

 ఈ ప్రశ్న కోసం నేను రెండు చలికాలాలు ఎదురుచూశాను. అనాల్సిన మాటలు, ఎత్తిపొడుపులు, వరసగా పేర్చి పెట్టుకుని ఉన్నాను. నోరు తెరిచాను కూడా. అరుగు మీద కూర్చున్న అత్తమ్మ నాకంటే ముందే మాట్లాడింది. ఊరంతా వినేలాగా, ఆమె మామూలు గొంతుతోనే.

"చెప్పింది. దినాం చెప్పింది. మేమే ఇనలే."

నా మాటలన్నీ ఎటో పోయాయి. వంటింట్లోకి పోయి, పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టి, ఏడ్చాను. సంతోషమూ కాదు, బాధా కాదు, కోపం. ఆమె పడిపోయింది కాబట్టి తలుపు తెరిచారు. ఆమె పడకపోయి ఉంటే నేను కొలువు మానేసి, నాటకాలదాన్నని నేనే ఒప్పుకుని, ఇంట్లో కూర్చునేదాన్ని. లేకపోతే ఏదో ఒక చలి పొద్దున, బయట ఆయన రైతుతో బస్తాల లెక్క మాట్లాడుతుంటే, లోపల ఆ వెచ్చటి సీట్లో నిద్రపోయి ఉండేదాన్ని. లక్ష్మి లెక్క కూర్చుని పోయిందని చెప్పుకునేవాళ్లు.

అత్తమ్మ గడప దాకా వచ్చి నిలబడింది.  ఏడ్వొద్దని అనలేదు. వచ్చి పొయ్యి పక్కన కూర్చుని, నేను ఏడవడం అయ్యేదాకా కూర్చుంది. చాయ్ మరిగి మరిగి గిన్నెకు అంటింది. ఇద్దరం దాన్ని చూస్తూనే ఉన్నాం, ఎవరమూ దించలేదు.